ఇంట్లో ఐదు కుక్కలుంటే చూసుకోవాల్సింది పది జంటలను

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మొత్తం ఐదు కుక్కలు. పదకొండేళ్ల రాజు, ఆరేళ్ల చిన్ని, రెండేళ్ల మల్లి, ఒకే ఈతలో పుట్టిన ఎనిమిది నెలల అన్నదమ్ములు గుండు, బుడ్డోడు. మొన్నటిదాకా అందరూ బాగానే ఉన్నారు. ఈ రెండు నెలల్లో చిన్నికీ మల్లికీ మూడుసార్లు పోట్లాట అయింది. మూడోసారి గుండు కూడా మధ్యలో దూకాడు, విడదీయబోతే మీ చేతికి పన్ను దిగింది. దీనికి తోడు తలుపు దగ్గర గోల, సోఫా కాళ్ల మీద ఉచ్చ, రాజు ఎవర్నీ దగ్గరికి రానివ్వకపోవడం. 'వీటిలో లీడర్ ఎవరో కనుక్కుని దానికే ముందు తిండి పెట్టమంటున్నారు, నిజమేనా? లేక వాటంతట అవే తేల్చుకుంటాయని వదిలేయాలా?' అని మీ ప్రశ్న. చివర్లో, ఒక కుక్కపిల్ల దొరికింది, తెచ్చుకోవచ్చా అని ఇంకో ముక్క.

ముందు మీ చేతి సంగతి. పన్ను దిగిందన్నారు గానీ డాక్టర్‌కి చూపించారో లేదో రాయలేదు. కుక్క కాటు ఏదైనా సరే, మన ఇంటి కుక్కదైనా సరే, వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కుక్కకి టీకాలు వేయించాం కదా అని మనమే తీర్పు చెప్పుకోకూడదు. పంటిగాటు పైకి చిన్నగానే కనిపిస్తుంది, లోపల చీము పట్టేది దానికే. చూపించకపోతే ఇది చదవడం ఆపి ముందు వెళ్లిరండి.

ఇక లీడర్ సంగతి. ఈ మాట కుక్కల నుంచి పుట్టింది కాదు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన జూలో బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి, అవి పైస్థానం కోసం కొట్టుకుంటాయని రాశాడు. దాన్నే జనం ఇళ్లలో కుక్కలకు అంటగట్టారు. తర్వాత డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్త అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, 1999లో వేరే మాట చెప్పాడు. సహజమైన తోడేళ్ల గుంపు అంటే ఎక్కువగా తల్లిదండ్రులూ వాటి పిల్లలే, అక్కడ పెద్దరికం పోట్లాడి గెలుచుకునేది కాదని. 'ఆల్ఫా', అంటే గుంపు మీద పెత్తనం చేసే లీడర్, అనే మాటను ప్రచారంలో పెట్టినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు, ఆయనే వెనక్కి తీసుకున్నాడు. ట్రైనర్లు కొందరు ఇంకా వదల్లేదు.

మీ ఇంట్లోనే చూడండి. రాజు పరుపు దగ్గరికి ఎవరూ వెళ్లరు. కానీ అదే రాజు గుమ్మం దాటేటప్పుడు చిన్నికి దారి వదులుతాడు. బొమ్మ విషయంలో మల్లి మొండిది, తిండి విషయంలో పట్టించుకోదు. ఇందులో లీడర్ ఎవరు? ఎవరికి ఏది ముఖ్యమో దాన్నిబట్టి ఆ నిమిషానికి ఒకరు తగ్గుతారు, అంతే. కాబట్టి 'లీడర్‌కి ముందు తిండి' లాంటివి పెట్టుకోకండి. మీరు ఎంచుకున్న లీడర్ తప్పయితే, ఇంకోదాన్ని కొట్టడానికి దానికి మీరే అండగా నిలబడినట్టవుతుంది.

వాటంతట అవే తేల్చుకుంటాయా? నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. నా దగ్గర రెండు ఆడకుక్కలు ఉండేవి. మొదటి రెండు గొడవలకు 'ఈసారితో సర్దుకుంటాయిలే' అని గమ్మున ఉన్నాను. మూడోదానికి ఒకదాని చెవి చీలింది, కుట్లు పడ్డాయి. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఒకటి ఉన్న గదిలోకి ఇంకొకదాన్ని తీసుకెళ్లలేకపోయాను. కుక్కలు ప్రతి గొడవలోనూ ఏదో నేర్చుకుంటాయి. గెలిచింది 'ఇలా చేస్తే పనవుతుంది' అని, ఓడింది 'ఈసారి నేనే ముందు కొట్టాలి' అని. తేల్చుకోవడం జరగదు, సాధన జరుగుతుంది.

నేను మీకు చెప్పదలుచుకున్న అసలు విషయం ఇది. ఐదు కుక్కలంటే పది జంటలు. ఇద్దరున్నప్పుడు ఒక్క సంబంధం, ముగ్గురైతే మూడు, నలుగురైతే ఆరు, ఐదుగురైతే పది. 'నా కుక్కలు కొట్టుకుంటున్నాయి' అనుకుంటే చేయడానికి ఏమీ దొరకదు. ఏ జంట, ఏ చోట, ఏ వేళ అని విడగొడితే సమస్య చేతికి అందుతుంది. మీ మూడు పోట్లాటల గురించి రాసింది మళ్లీ చూడండి. మూడూ సాయంత్రమే. రెండుసార్లు మీరు అప్పుడే ఇంట్లోకి వచ్చారు. ఒకసారి వంటింటి గుమ్మంలో. అంటే ఐదు కుక్కలూ రెచ్చిపోయి ఉన్నప్పుడు, ఇరుకు చోట, మీ పక్కన నిలబడే జాగా కోసం. చిన్నీ మల్లీ మిగతా ఇరవై గంటలూ ఒకే ఇంట్లో బతుకుతున్నాయి కదా.

ఒక నోట్‌బుక్ పెట్టండి. గొడవలే కాదు, గుర్రుమన్నా, ఒకరు ఇంకొకర్ని దారిలో అడ్డగించినా, ఎవరైనా మంచం కిందకి వెళ్లి కూర్చున్నా రాయండి. టైమ్, చోటు, ఎవరెవరు, దానికి అరగంట ముందు ఏం జరిగింది. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. మధ్యాహ్నం గోళ్లు కత్తిరించారు, సాయంత్రం చుట్టాలొచ్చారు, రాత్రి టపాసుల మోత, ఆ తర్వాత గిన్నె కదిలిందని కొట్టుకున్నాయి. చూసేవాళ్లకు గిన్నె కోసం గొడవలా ఉంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటామే, ఆ చివరి పోటు ఒక్కటే మనకు కనబడుతుంది. ఒక పెద్ద గొడవ అయ్యాక ఒకట్రెండు రోజులు వాటి ఒళ్లు ఇంకా టెన్షన్‌లోనే ఉంటుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఎంత తక్కువ హడావుడి ఉంటే అంత మంచిది.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడే ఎందుకు అని మీకు అనుమానం. మల్లికి రెండేళ్లు. కుక్కలు శరీరంలో ఏడాదికే పెద్దవైనా, మనసులో పెద్దవయ్యేది ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య. అప్పటిదాకా పిల్ల కదా అని ఓర్చుకున్న పెద్దకుక్క ఇక ఓర్చుకోదు, ఈ పిల్ల కూడా ప్రతిదానికీ తలొంచదు. అమెరికా పశువైద్య సంఘం పత్రికలో 2011లో ఒకే ఇంట్లో కొట్టుకునే 38 జంటల గురించి ఒక పరిశీలన వచ్చింది. వాటిలో 79 శాతం ఒకే లింగానికి చెందిన జంటలు. మొదలుపెట్టేది ఎక్కువగా చిన్నదీ, ఇంటికి తర్వాత వచ్చిందీ. రేపేవి మనకు తెలిసినవే: యజమాని ఎవర్ని పలకరించాడు, ఉద్రేకం, తిండి, దొరికిన వస్తువు. మీ ఇంటి కథ అచ్చంగా ఇదే. చిన్నికీ మల్లికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా లేదా మీరు రాయలేదు. కాకపోతే ఎదకు వచ్చిన రోజులు కూడా నోట్‌బుక్‌లో ఎక్కించండి. అయితే ఆపరేషన్ చేయిస్తే ఆడకుక్కల గొడవ పోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ముదిరిన పగకు అది మందు కాదు.

రాజు విషయంలో నాకు వేరే భయం ఉంది. పదకొండేళ్ల కుక్క ఉన్నట్టుండి దగ్గరికి రానివ్వడం లేదంటే నా మొదటి అనుమానం నొప్పి. కీళ్లు, పళ్లు, చెవి, నడుము, చూపు తగ్గడం, వీటిలో ఏదైనా కావచ్చు. నా దగ్గర ఒక ముసలాడు ఉండేవాడు, కుక్కపిల్లలు పక్కనుంచి పోతే చాలు మీదికి లేచేవాడు. 'వయసు మీద పడింది, చిరాకు' అని మూడు నెలలు సరిపెట్టుకున్నాను. చూస్తే దవడ పన్ను పుచ్చి చీము పట్టింది. పీకించిన వారానికి మళ్లీ పిల్లలు వాడి మీదపడి నిద్రపోయారు. ఆ మూడు నెలలు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రాజుని ఈ వారమే వెట్‌కి, అంటే పశువుల డాక్టర్‌కి, చూపించండి. చిన్నిని కూడా. నడక బానే ఉంది, తింటోంది అంటే నొప్పి లేదని కాదు, కుక్కలు నొప్పితోనే తింటాయి, నడుస్తాయి.

ఇప్పుడు ఇంటి ఏర్పాటు. ట్రైనింగ్ కంటే ముందు ఇదే. బేబీ గేట్లు, అంటే చిన్నపిల్లలు దాటకుండా గుమ్మానికి బిగించే అడ్డుగేట్లు, రెండు, కుదిరితే మూడు కొనండి. నేను కింద చెప్పే పద్ధతిలో కలిపేదాకా చిన్నీ మల్లీ అసలు కలిసి ఉండకూడదు. మీరు ఇంట్లో లేనప్పుడు గేట్ కూడా చాలదు, తలుపే వేయాలి. వంతులు పెట్టుకోండి, రెండు గంటలు ఇది హాల్లో, అది గదిలో, తర్వాత మార్చడం. మొదటి వారం జైలు నడుపుతున్నట్టే ఉంటుంది. తర్వాత కుక్కలే గేట్ చప్పుడుకి లేచి తమ గదికి వెళ్తాయి. గదిలో ఉండడం శిక్షలా అనిపించకూడదు, కొరుక్కోవడానికి ఏదో ఒకటి అక్కడే దొరకాలి. పెద్ద కుక్కలకు రోజుకి పన్నెండు పద్నాలుగు గంటల నిద్రా విశ్రాంతీ కావాలి, పిల్లలకు ఇంకా ఎక్కువ. ఐదు ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు లేచి తిరుగుతూనే ఉంటారు కాబట్టి ఎవరికీ సరైన నిద్ర ఉండదు. సాయంత్రం చిరాకులో సగం నిద్రలేమిదే అని నా నమ్మకం.

తిండి ఎవరి చోట వాళ్లకి, మధ్యలో తలుపో గేటో. తినడం అయ్యాక గిన్నెలు తీసేసి, ఆ తర్వాతే తలుపులు తెరవాలి. బొమ్మలు, ఎముకలు నేల మీద వదలొద్దు. ఇరుకు చోట్లు ఇంకా ముఖ్యం: గుమ్మాలు, మెట్లు, సోఫాకీ గోడకీ మధ్య సందు. ఎదురుపడితే తప్పుకునే దారి ఉండాలి. వంటింట్లోకి కుక్కలు రావడం ఈ రోజు నుంచే బంద్. మీరు బయటి నుంచి వచ్చినప్పుడు ఐదూ గుమ్మం దగ్గర ఉండకూడదు. వచ్చే ముందు ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేసి గేట్ల వెనక్కి పంపించమనండి. ఎవరూ లేకపోతే బయటికి వెళ్లేటప్పుడే తలుపులు వేసి విడివిడిగా పెట్టి వెళ్లండి. లోపలికి వచ్చి, చెప్పులు విప్పి, నీళ్లు తాగి, అవి చల్లబడ్డాక ఒక్కొక్కదాన్ని పలకరించండి. ఈ ఒక్క మార్పుతో మీ మూడు పోట్లాటల్లో రెండు జరిగుండేవి కావు.

గుర్రుమంటే తిట్టొద్దు. ఎన్నిసార్లు చెప్పినా చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. గుర్రు అంటే 'ఇక చాలు, ముందుకి రాకు' అని మర్యాదగా చెప్పడం. దాన్ని తిట్టి మాన్పిస్తే కోపం పోదు, చెప్పడం పోతుంది. తర్వాత 'ఏ హెచ్చరికా లేకుండా కరిచింది' అంటాం. గుర్రు విన్నప్పుడు మీ పని అవతలి కుక్కని సరదాగా పేరుపెట్టి పిలిచి పక్కకి తెచ్చుకోవడం. గుర్రు కంటే ముందే చాలా కనబడతాయి: ఒళ్లు ఒక్క క్షణం బిగుసుకుపోవడం, నోరు ఠక్కున మూసుకోవడం, తల తిప్పకుండా తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడడం, ఏమీ లేకుండా పెదాలు నాకడం. తోక ఊపుతోందని మోసపోవద్దు. కర్రలా పైకి లేపి చివర మాత్రం వణికిస్తే అది సంతోషం కాదు. ఈ బిగుసుకుపోవడం కంటికి అలవాటైతే మీకు రెండు మూడు సెకన్లు దొరుకుతాయి. ఆ రెండు మూడు సెకన్లే చాలు.

ఆటని చూసి కూడా భయపడకండి. ముందుకాళ్లు వంచి నడుము పైకి లేపడం, వంతులవారీగా కింద పడడం, మధ్యమధ్యలో ఆగి ఒళ్లు దులుపుకోవడం ఉంటే అది ఆటే. అనుమానం వస్తే తరుముతున్నదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదలండి. అది మళ్లీ దీని దగ్గరికే వస్తే సరదా, దూరంగా పోతే దానికి ఇష్టం లేదు.

మళ్లీ పోట్లాట మొదలైతే మెడపట్టీ పట్టుకోవద్దు. మీకు పన్ను దిగింది అందుకే, మల్లికో గుండుకో మీ మీద కోపం వచ్చి కాదు. ఆ ఊపులో నోటి దగ్గరికి వచ్చింది చెయ్యో చెవో చూసుకోవు. ముందు పెద్ద చప్పుడు చేయండి, పళ్లెం నేలకేసి కొట్టినా సరే. బకెట్ నీళ్లు ముఖాల మీద పోయొచ్చు, దుప్పటి మీద పడేయొచ్చు, వెడల్పు అట్టో పీటో మధ్యలోకి తోయొచ్చు. అదీ పనిచేయకపోతే, ఇద్దరు మనుషులుంటేనే, ఒక్కొక్కరు ఒక్కో కుక్క వెనక కాళ్లు పైకెత్తి వెనక్కి లాగాలి, వంపు తిరుగుతూ, అది తిరిగి మిమ్మల్ని అందుకోకుండా. అయితే పట్టు వదలకుండా కరిచి ఉన్నప్పుడు లాగితే కండ చీలుతుంది, వదిలిన క్షణంలోనే లాగాలి. మీరు అరవడం మాత్రం పనికిరాదు. మీరూ మొరుగుతున్నారనే అనుకుంటాయి.

మిగతా మూడింటిని అక్కడి నుంచి తప్పించడం కూడా అంతే ముఖ్యం. ఇద్దరి గొడవలో చెవులు చీలుతాయి, మూడోది దూకితే ప్రాణాలే పోవచ్చు. ఒకటి కిందపడి కీచుమంటే మిగతావి అంతకుముందు దాంతో ఎంత స్నేహంగా ఉన్నా మీద పడిపోవచ్చు. గుండు చేసింది అదే. అందుకే చిన్ని, మల్లి, గుండు ముగ్గురినీ ఒకే గదిలో వదిలి బయటికి వెళ్లొద్దంటున్నాను.

చిన్నినీ మల్లినీ ఎప్పుడు కలపాలి? కనీసం రెండు వారాలు ఒకదానికొకటి ఎదురుపడకుండా గడవనివ్వండి. తర్వాత బయట, ఇద్దరు మనుషులతో, రెండు లీష్‌ల (మెడపట్టీకి తగిలించే తాళ్ల) మీద, రోడ్డుకి అటొకటి ఇటొకటి ఒకే దిశలో నడక. ఎదురెదురుగా వద్దు. ఒకదాన్నొకటి చూసి పట్టించుకోకపోతే చిన్న ముక్క నోట్లో. దూరం రోజుకి కొంచెం తగ్గించండి. అవి బిగుసుకుపోయాయంటే మీరు తొందరపడ్డారన్నమాట, వెనక్కి జరగండి. ఇంట్లో గేట్‌కి ఇటూ అటూ ఉండి ప్రశాంతంగా తినగలిగాకే గేట్ లేకుండా ఐదు నిమిషాలు. ఈలోపు రెండింటికీ మజిల్ అలవాటు చేయండి, ఎద్దుల మూతికి కట్టే చిక్కంలాంటిది, నోరు తెరిచి రొప్పగలిగేలా, నీళ్లు తాగగలిగేలా బుట్ట ఆకారంలో ఉండేది. నోరు బిగించే గుడ్డ మజిల్ వద్దు. కొన్న రోజే తొడిగేయొద్దు, దాంట్లో ముక్క పెట్టి తినిపిస్తూ రెండు వారాలు పడుతుంది.

నేర్పడం ఎప్పుడూ ఒక్కొక్కదానికే. ఐదింటినీ వరసగా కూర్చోబెట్టి 'సిట్' అంటే ముగ్గురు కూర్చుంటారు, ఇద్దరు లేస్తారు, మీకు బీపీ వస్తుంది. రోజుకి ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, తలుపు వేసి. నేర్పాల్సినవి కూడా రెండే: తన పేరు వినగానే తల తిప్పడం, తన చాపకి వెళ్లి పడుకోవడం. ఒకదానికి పక్కాగా వచ్చాక ఇద్దర్ని కలపండి, తర్వాత ముగ్గుర్ని. ఎవరి పేరు పిలిస్తే వాళ్లే చాప మీద నుంచి లేవాలి. ఇది కుదిరిన రోజున తలుపు దగ్గర గోల సగం తగ్గుతుంది. ఎందుకంటే ఆ గోల ఒక్కరు మొదలుపెడతారు, మిగతావాళ్లు దేనికో తెలియకుండానే వంత పాడతారు. మొదలుపెట్టేది ఎవరో నోట్‌బుక్‌లో తేలుతుంది. దాని ఒక్కదాన్నీ గంట మోగగానే చాపకి పంపించగలిగితే మిగతావాళ్లకి పాట దొరకదు.

అన్నదమ్ముల్ని విడివిడిగా నడిపించండి, విడివిడిగా పడుకోబెట్టండి. ఒకే ఈత పిల్లలు రెండు కలిసి పెరిగితే మనుషుల మాట కంటే ఒకదాని తోడు ఇంకొకదానికి ముఖ్యమైపోవచ్చు, ఒంటరిగా ఉండలేకపోవచ్చు. పైగా ఏడాది పోతే ఇద్దరూ ఎదిగిన మగకుక్కలే. చిన్ని, మల్లి కథ అక్కడ మళ్లీ మొదలవకూడదు.

సోఫా కాళ్ల ఉచ్చ గుండు, బుడ్డోడి వయసులో గుర్తులు పెట్టడం అయ్యుండొచ్చు, రాజుకి మూత్రం ఆగకపోవడమూ అయ్యుండొచ్చు. కొంచెం కొంచెంగా నిలువు చోట్ల మీదయితే గుర్తులు, పడుకున్న చోట మడుగులా ఉంటే వెట్ పని. ఎంజైమ్ ఉన్న క్లీనర్‌తో తుడవండి, అమ్మోనియా ఉన్నదాంతో వద్దు, ఆ వాసన వాటికి ఉచ్చలాగే ఉంటుంది.

ఇదంతా రెండు మూడు నెలలు నికరంగా చేశాక కూడా చూడగానే మీదికి ఉరుకుతుంటే, గాట్లు లోతుగా దిగుతుంటే, కుక్కల ప్రవర్తన చూసే వెట్ దగ్గరికి వెళ్లండి. కొన్నిటికి మందులు నిజంగా పనిచేస్తాయి, అందులో నామోషీ ఏమీ లేదు. అప్పటికీ కాకపోతే రెండింట్లో ఒకదానికి వేరే ఇల్లు చూడడం కూడా ఆలోచించాల్సిందే. నేను చెవి చీలినదాన్ని చివరికి కుక్కలు లేని ఒక ఇంటికి ఇచ్చాను. నెల తర్వాత చూడ్డానికి వెళ్తే నన్ను వాసన చూసి, తోక రెండుసార్లు ఊపి, తన సోఫా మీదికి వెళ్లి పడుకుంది. కొంచెం బాధేసింది, నిజం చెప్పొద్దూ.

దొరికిన కుక్కపిల్ల సంగతి: ఇప్పుడు వద్దు. దానికి వేరే ఇల్లు వెతికి పెట్టండి. ఆరోది వస్తే మీ పది జంటలు పదిహేనవుతాయి, అందులో ఒకటి ఇప్పటికే గేట్‌కి అటూ ఇటూ ఉంది.